ఇటు ఏడు, అటు ఏడు

చర్చ్ స్ట్రెటన్‌లో మూడో రోజు వాన.
ప్యూ గారి వంటింటి బల్ల మీద
తోకలేని విమానం, వెల్లకిలా.
పక్కన జిగురు సీసా, చల్లారిన టీ,
తెర నిండా వేలిముద్రలున్న ట్రాన్స్‌మిటర్.

"మీటలు సవరించడం నీకు అలవాటేగా" అని పిలిచాడాయన.
అలవాటే. ష్రూస్‌బరీలో వినికిడి యంత్రాలు సరిచేస్తాను.
గుసగుసని మాటంత చేస్తాను,
పళ్ళేలు జారిన చప్పుడుని గుమ్మం బయటే ఆపుతాను.
ఆయన ఎడమ చెవిలో ఉన్నదీ నేను పెట్టిందే.

ముందు ఇన్‌పుట్ల పేజీ.
చెయ్యి ఏమంటోందో అక్కడ రాసుకోవాలి,
రెక్క ఏం చెయ్యాలో అప్పుడే అడక్కూడదు.
మిక్సర్ ఆ తర్వాత.
తోక లేదు కనక భారమంతా రెండు రెక్కలదే,
పైకి లేవాలన్నా, పక్కకి ఒరగాలన్నా.
ఒక్కో సర్వోకీ ఇద్దరు యజమానులు.
ఒరుగుకి అరవై, లేపుకి నలభై.
మొత్తం వంద దాటిందా, అది పళ్ళు కొరుకుతుంది.

రెండో ఛానెల్లో ఒక్క మైనస్ మరిచిపోయాను.
ఆయన పుల్ల వెనక్కి లాగాడు.
ఒక పలక ఔనంది, రెండోది కాదంది.
కొండ మీదైతే ఆ గోరంత గీతకి
ముళ్ళపొదల్లో థర్మాకోల్ ఏరుకునేవాళ్ళం.

దిద్దాక, మానిటర్ పేజీ తెరిచాను.
ఆయన పుల్లని మధ్యలో పట్టుకుని ఊరికే ఉన్నాడు.
అంకె ఊరికే లేదు.
మైనస్ ఆరు. ఐదు. మైనస్ ఏడు. ఏడు.
ఆయన కిటికీలోకి చూశాడు, నేను అంకెలోకి.
టీ కప్పుని రెండు చేతుల్తో పట్టుకునేది
చలికే అనుకున్నాను, నాలుగేళ్ళుగా.
ముర్యెల్ నా భుజం మీంచి వంగి
"ఓ, దాన్నీ లెక్కపెడుతుందా ఇది" అని
బిస్కెట్ల డబ్బా పెట్టి వెళ్ళిపోయింది.

నా ఉద్యోగానికి ఇది తిరగేసిన పని.
అక్కడ చిన్నదాన్ని పెంచాలి,
ఇక్కడ చిన్నదాన్ని వినిపించుకోకూడదు.
గీతని వంచాను. ఇటు ఏడు, అటు ఏడు, మధ్యంతా సున్నా.
ఏడు దాటాక మెల్లగా ఎత్తు, కొసకి చేరేసరికి వంద.
మిక్సర్లో కాస్త నిదానం కలిపాను, సెకనులో మూడో వంతు.
"జవాబు ఆలస్యమవుతుంది" అన్నాను.
"నాకేం రైలుందా?" అన్నాడు.

శనివారం గాలి పడమటికి తిరిగింది.
లాంగ్ మిండ్ అంచున, వేల్స్ వైపు మొహం పెట్టి నిలబడ్డాం.
గొర్రెలు మమ్మల్ని లెక్కచెయ్యలేదు.
నేను విసిరాను. విమానం ఓ మూర దిగి,
గాలి దొరికాక దాని మీద కూర్చుంది.
ఆయన బొటనవేళ్ళు పుల్లల మీద ఆడుతూనే ఉన్నాయి.
విమానానికి ఆ సంగతే తెలీదు.
తిన్నగా, తిన్నగా, లోయ చివరిదాకా పోయింది.

మలుపులో మాత్రం రెక్క కొస సన్నగా జలదరించింది.
ఏడు దాటిన చోట నా సున్నాకి అధికారం లేదు.
"నిదానం ఇంకాస్త పెంచితే అదీ పోతుంది" అన్నాను.
చెవిలో యంత్రం గాలికి ఈల వేస్తోందేమో అని
మళ్ళీ చెప్పాను.
"విన్నాను" అన్నాడు, చూపు తిప్పకుండా.
"మలుపు తిప్పింది నేనని తెలియాలిగా. ఉండనీ."

తెర మీద మోడల్ పేరు గడి ఖాళీగానే ఉంది.
దిగాక రాద్దామనుకున్నాం.
దించలేదు, గొర్రెలు కనిపించకుండా పోయేదాకా.